స్టెప్నీలో గాలి ఉందా?

కారు డిక్కీలో స్టెప్నీ ఉంటుంది. అది ఉందన్న ధైర్యంతోనే జనం అర్ధరాత్రి ప్రయాణాలకు కూడా బయల్దేరతారు. తీరా దారిలో టైరు పంక్చరై, స్టెప్నీ తీసి, నట్లు బిగించి, జాకీ దించాక... అది కాస్తా నేలకు అతుక్కుపోతే? స్టెప్నీ ఉంది. గాలే లేదు!

చాలా ఇళ్లలో కంప్యూటర్ రికవరీ పెన్‌డ్రైవ్ పరిస్థితి సరిగ్గా ఇదే. ల్యాప్‌టాప్ కొన్న కొత్తలో ఎవరో చెబితే తయారుచేసి ఉంటారు. పైన స్కెచ్‌పెన్‌తో ‘రికవరీ’ అని రాసి బీరువాలో పడేసి ఉంటారు. నాలుగేళ్లు గడిచాక ఓ రోజు కంప్యూటర్ మొరాయిస్తుంది. పెన్‌డ్రైవ్ పెడతారు. అది చక్కగానే లేస్తుంది. కానీ, లోపలున్న హార్డ్‌డిస్క్ దానికి కనిపించదు. లాన్ కేబుల్ పెట్టినా నెట్ రాదు. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు, అంతా అయి చివరి మెట్టు మీద పని ఆగిపోతుంది.

అప్పుడు వినిపించే మాట ఒకటుంది. “సార్, డిస్క్ కనబడట్లేదు. పోయినట్టుంది. కొత్తది వేసేసి విండోస్ కొట్టేయనా?” ఆ ఒక్క ప్రశ్నకు కంగారులో ‘సరే’ అనేస్తే పిల్లల పుట్టినరోజు ఫొటోలు, షాపు లెక్కలు, నాన్నగారి పెన్షన్ కాగితాల స్కానింగులు అన్నీ పోతాయి. విచిత్రం ఏమిటంటే, చాలాసార్లు ఆ డిస్క్ నిక్షేపంగానే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌కి దాన్ని చూడటం తెలియదు, అంతే. ఆ తెలియడానికి కావాల్సినదాని పేరే డ్రైవర్.

ఆపద వేళ లేచే బుల్లి విండోస్

రికవరీ పెన్‌డ్రైవ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. కంప్యూటర్‌లోని విండోస్ లేవలేని స్థితిలో ఉన్నప్పుడు, పెన్‌డ్రైవ్‌లో ఉన్న మరో బుల్లి విండోస్ లేచి బాధ్యత తీసుకుంటుంది. దాని పేరు విండోస్ పీఈ. ‘ప్రీ ఇన్‌స్టలేషన్ ఎన్విరాన్‌మెంట్’ అన్నదానికి పొట్టిపేరు. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందుగా వచ్చే తెరలన్నీ దానివే. పేరున్న బ్యాకప్ ప్రోగ్రాములు చాలావరకు తమ రికవరీ డిస్కుల్ని దీని మీదే కడతాయి.

ఈ బుల్లి విండోస్ డిస్క్ మీద కాపురం పెట్టదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. తనకంటూ ఎక్స్ అనే డ్రైవ్‌ను సృష్టించుకుంటుంది. కంప్యూటర్ ఆపేస్తే అందులో చేసిన మార్పులన్నీ గాలికి పోతాయి. పైగా దీన్నే అసలు విండోస్‌లా వాడుకోకుండా మైక్రోసాఫ్ట్ ఓ తాళం కూడా వేసింది. 72 గంటలు ఏకధాటిగా నడిస్తే తనంతట తానే రీస్టార్ట్ అయిపోతుంది.

ఇంట్లో రోజూ వాడే విండోస్‌కి ఆ కంప్యూటర్‌లోని ప్రతి భాగమూ పరిచయమే. డిస్క్ ఏ కంపెనీది, లాన్ చిప్ ఏది, టచ్‌ప్యాడ్ ఏది... ఒక్కోదానికి ఒక్కో డ్రైవర్ అప్‌డేట్లతో పాటు వచ్చి చేరి ఉంటుంది. బుల్లి విండోస్ అలా కాదు. కొత్తగా వచ్చిన వంటమనిషి లాంటిది. వంట వచ్చు. కానీ ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. తయారైన రోజున దానిలో ఏ డ్రైవర్లు పెట్టారో అవే దానికి తెలుసు. ఆ తర్వాత మార్కెట్‌లోకి వచ్చిన చిప్ ఏదైనా దానికి కొత్తే.

అన్ని డ్రైవర్లూ అక్కర్లేదు. సౌండ్ రాకపోయినా ఫర్వాలేదు, బొమ్మ కాస్త పెద్దగా కనిపించినా ఇబ్బంది లేదు. తప్పనిసరిగా కావాల్సినవి రెండే. ఒకటి స్టోరేజ్ డ్రైవర్, రెండోది నెట్‌వర్క్ డ్రైవర్. మొదటిది లేకపోతే డిస్క్ కనిపించదు. రెండోది లేకపోతే పక్క గదిలోని కంప్యూటర్‌లోనో, నెట్‌వర్క్ హార్డ్‌డిస్క్‌లోనో దాచిన బ్యాకప్ అందదు.

ఎఫ్6 నాటి కథే మళ్లీ...

ఇది కొత్త బాధేం కాదు. విండోస్ ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ చేసిన వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. నీలితెర మీద అడుగున ఓ లైను మెరిసి మాయమయ్యేది. ప్రత్యేకమైన స్కజీ, రెయిడ్ డ్రైవర్ వేయాలంటే ఎఫ్6 నొక్కమని దాని సారాంశం. నొక్కితే ఫ్లాపీ అడిగేది. సాటా డిస్కులు వచ్చిన కొత్తలో, ఫ్లాపీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లలో ఎక్స్‌పీ వేయడానికి మెకానిక్‌లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

ఫ్లాపీలు పోయాయి. ఎక్స్‌పీ పోయింది. సమస్య మాత్రం వేషం మార్చుకుని తిరిగొచ్చింది. 2020లో వచ్చిన ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఉంటోంది. వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అని దాని పూర్తి పేరు. ఇది డిస్క్‌కీ విండోస్‌కీ మధ్య గుమాస్తాలా కూర్చుంటుంది. దాని భాష తెలిస్తేనే లోపలికి దారి. ఇన్‌స్టాల్ చేసుకున్న విండోస్‌కి ఆ భాష వచ్చు. బయటి నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోని విండోస్‌కి తరచూ రాదు. ఫలితం, డిస్కుల జాబితా ఖాళీగా కనిపించడం. తమాషా ఏమిటంటే, దీనికి ఇంటెల్ ఇచ్చిన డ్రైవర్ ఫోల్డర్ల పేర్లలో ‘ఎఫ్6’, ‘ఫ్లాపీ’ అనే ముక్కలు ఇంకా అలాగే ఉండిపోయాయి!

కాబట్టి డిస్క్ కనిపించకపోతే మొదటి అనుమానం డిస్క్ మీద కాదు, డ్రైవర్ మీద పడాలి. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. బయోస్ సెటప్‌లోకి వెళ్లి చూడాలి. అక్కడ డిస్క్ పేరు, సైజు కనిపిస్తూ, పెన్‌డ్రైవ్‌తో లేచాక మాత్రం కనిపించకపోతే, అది చాలావరకు డ్రైవర్ సమస్యే. బయోస్‌లో కూడా కనిపించకపోతే అప్పుడు డిస్క్‌నో, అది కూర్చున్న స్లాట్‌నో అనుమానించాలి.

విండోస్ ఇన్‌స్టలేషన్ తెరలో డిస్కులు చూపించే చోట ‘లోడ్ డ్రైవర్’ అనే బటన్ ఉంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ పేరుతో వెతికి తెచ్చుకున్న స్టోరేజ్ డ్రైవర్‌ను మరో పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఆ బటన్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. నల్లటి కమాండ్ తెరలో అయితే డీఆర్‌వీ లోడ్ అనే కమాండ్ ఇదే పని చేస్తుంది. డీ, ఆర్, వీ అక్షరాల పక్కనే లోడ్ అని కలిపి కొట్టి, ఖాళీ వదిలి, డ్రైవర్ ఫైలు ఎక్కడుందో రాయాలి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కంపెనీ సైట్ల నుంచి వచ్చే డ్రైవర్ సాధారణంగా ఈఎక్స్‌ఈ ఫైలుగా ఉంటుంది. మామూలు విండోస్‌లో దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే సరిపోతుంది. బుల్లి విండోస్‌కి ఆ ఇన్‌స్టాలర్ల గొడవ పట్టదు. దానికి కావాల్సింది లోపలి సరుకు. అంటే ఐఎన్‌ఎఫ్ అనే ఫైలు, దానితో పాటుండే ఎస్‌వైఎస్, సీఏటీ ఫైళ్లు. ఈఎక్స్‌ఈని ముందే మంచిగా ఉన్న కంప్యూటర్ మీద విప్పి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. 64 బిట్ పెన్‌డ్రైవ్‌కి 64 బిట్ డ్రైవరే కావాలి. 32 బిట్‌ది పనికిరాదు.

బయోస్‌లో వీఎండీని ఆపేస్తే డిస్క్ కనిపిస్తుందని కొందరు సలహా ఇస్తారు. కొత్తగా విండోస్ వేసుకునేవారికి అది దారే. ఉన్న విండోస్‌ను బతికించుకోవాలనుకునేవారు మాత్రం దాని జోలికి వెళ్లకపోవడం మేలు. వీఎండీతో ఇన్‌స్టాల్ అయిన విండోస్, అది లేకుండా లేవలేక నీలితెర చూపించవచ్చు. ఒక రోగానికి మందు వేయబోయి రెండో రోగం తెచ్చుకున్నట్టవుతుంది.

విడిదింట్లో గది నంబరు

డిస్క్ కనిపించింది. ఇక బ్యాకప్ తెచ్చుకోవాలి. అది యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో ఉంటే చిక్కే లేదు. ఇంట్లోని నెట్‌వర్క్ డిస్క్‌లోనో, షాపులోని మరో కంప్యూటర్‌లోనో ఉంటే మాత్రం నెట్‌వర్క్ లేవాలి. ఇక్కడ పని జరగకపోతే గుడ్డిగా అన్నీ మార్చి చూడనక్కర్లేదు. ఒక్క కమాండ్ చాలు, తప్పెక్కడుందో చెప్పేస్తుంది. దాని పేరు ఐపీకాన్ఫిగ్. మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

దానికి వచ్చే జవాబు అర్థం కావాలంటే పెళ్లివారి విడిదిల్లు గుర్తుచేసుకోవాలి. చుట్టాలు దిగగానే పెళ్లి పెద్ద వచ్చి ‘మీది ఫలానా గది’ అని చెబుతాడు. ఇంటి నెట్‌వర్క్‌లో ఆ పెద్దరికం రూటర్‌ది. ఏ కంప్యూటర్ వచ్చినా ఓ చిరునామా ఇస్తుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఇప్పుడు ఐపీకాన్ఫిగ్ చూపించే దృశ్యాలు మూడు.

ఒకటి, ఏ అడాప్టరూ కనిపించదు. తెర దాదాపు ఖాళీ. అంటే చుట్టం ఇంకా బస్సే దిగలేదు! ముందుగా నెట్‌వర్క్‌ను నిద్రలేపి చూడాలి. కంప్యూటర్‌లోని రికవరీ తెర నుంచి తెరిచిన కమాండ్ విండోలో నెట్‌వర్క్ దానంతట అది మొదలుకాదు. డబ్ల్యూపీఈయుటిల్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఇనిషియలైజ్‌నెట్‌వర్క్ అని కొడితే మొదలవుతుంది. అప్పటికీ ఖాళీగానే ఉంటే లాన్ చిప్ డ్రైవర్ లేదని అర్థం. ముఖ్యంగా ఈమధ్య మదర్‌బోర్డుల మీద వస్తున్న 2.5 గిగాబిట్ లాన్ చిప్‌లు పాత పెన్‌డ్రైవ్‌లకు తెలియకపోవచ్చు. డిస్క్‌కి చేసినట్టే దీనికీ డ్రైవర్ లోడ్ చేయాలి.

రెండోది, అడాప్టర్ కనిపిస్తుంది. చిరునామా మాత్రం 169.254తో మొదలవుతుంది. ఇది శుభవార్తే. డ్రైవర్ పనిచేస్తోంది. కానీ పెళ్లి పెద్ద జవాబివ్వలేదు. పిలిచి పిలిచి విసిగిన చుట్టం వరండాలో తానే చాప పరుచుకున్నట్టు, కంప్యూటర్ తనకు తానే ఓ నంబరు రాసుకుంది. ఇప్పుడు డ్రైవర్ల వెంట పడటం వృథా. కేబుల్ సరిగా కూర్చుందా, రూటర్‌లో ఆ పోర్టు లైటు వెలుగుతోందా, రూటర్ ఆన్‌లో ఉందా అన్నవి చూసుకోవాలి.

మూడోది, 192.168తో మొదలయ్యే చిరునామా వస్తుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. గది దొరికినట్టే. అయినా బ్యాకప్ ఫోల్డర్ తెరుచుకోకపోతే తప్పు అవతలి కంప్యూటర్ పేరులోనో, పాస్‌వర్డ్‌లోనో ఉంటుంది. రికవరీ పెన్‌డ్రైవ్‌తో లేచినప్పుడు కంప్యూటర్లను పేర్లతో వెతకడం ఒక్కోసారి కుదరదు. పేరు బదులు దాని ఐపీ చిరునామా కొడితే తలుపు తెరుచుకుంటుంది. అందుకే నెట్‌వర్క్ డిస్క్ చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మూడూ కాగితం మీద ఉండాలి. అవన్నీ పాడైన కంప్యూటర్‌లోనే సేవ్ చేసి ఉంటే, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

ఇక కొన్ని షాపుల్లో, ఆఫీసుల్లో రూటర్ చిరునామాలు పంచదు. ఎవరి నంబరు వారికి ముందే రాసి ఉంటుంది. అక్కడ పెన్‌డ్రైవ్‌కి కూడా నాలుగు అంకెలు చేత్తో చెప్పాలి. ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్. ఉదాహరణకు 192.168.1.50, 255.255.255.0, 192.168.1.1 అన్నట్టు. గేట్‌వే అంటే రూటర్ చిరునామా. అది ఒక్కో కంపెనీ రూటర్‌లో ఒక్కోలా ఉంటుంది. జియో ఫైబర్ రూటర్లలో సాధారణంగా 192.168.29.1 కనిపిస్తుంది. ఐపీ చిరునామాలో మొదటి మూడు భాగాలు గేట్‌వేతో కలవాలి, చివరిది మాత్రం నెట్‌వర్క్‌లో మరెవరూ వాడనిదై ఉండాలి. నెట్‌ష్ అనే కమాండ్‌తో వీటిని చెప్పవచ్చు. బ్యాకప్ ప్రోగ్రాముల రికవరీ తెరల్లో అయితే వీటికోసం గళ్లు కూడా ఉంటాయి.

వైఫై ఉంది కదా, కేబుల్ ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. లాన్ పోర్టే లేని పలచటి ల్యాప్‌టాప్‌లు వచ్చాక మరీనూ. మామూలుగా తయారుచేసిన విండోస్ పీఈకి వైఫై రాదు. డ్రైవర్ వేసినా, పాస్‌వర్డ్ అడిగి కనెక్ట్ చేసే సరంజామా అందులో ఉండదు. కంప్యూటర్‌లోనే ఉండే విండోస్ రికవరీ భాగాన్ని ఆధారం చేసుకుని తయారైన కొన్ని బ్యాకప్ ప్రోగ్రాముల పెన్‌డ్రైవ్‌లలో వైఫై పనిచేస్తుంది. అన్నిటిలో కాదు. అందువల్ల లాన్ పోర్టు లేని ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే చిన్న అడాప్టర్ ఒకటి ఉంచుకోవడం మంచిది. దాని డ్రైవర్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉండాలన్నది మరిచిపోకూడదు!

లినక్స్‌తో లేచే పెన్‌డ్రైవ్ మరో దారి. జర్మనీకి చెందిన క్లాస్ క్నోపర్ 2000లో క్నాపిక్స్ తెచ్చినప్పటి నుంచీ, ఇన్‌స్టాల్ చేయకుండానే నేరుగా సీడీ నుంచి నడిచే లినక్స్‌లు ఎన్నో వచ్చాయి. చాలా డ్రైవర్లు లినక్స్ కెర్నల్‌తో పాటే వచ్చేస్తాయి గనుక ఉబుంటు లాంటివి వైఫైని కూడా తరచూ వెంటనే పట్టేస్తాయి. విండోస్‌ను బాగుచేయడం పక్కనపెట్టి, ముందు ఫొటోలూ ఫైళ్లూ బయటికి తీసుకుందాం అనుకునేవారికి ఇది అక్కరకొచ్చే మార్గం.

చేత్తో రాసిన బోర్డింగ్ పాస్

ఇదంతా ఇంటి గొడవే అనుకుంటే పొరపాటు. 2024 జులై 19న ప్రపంచమంతా దీని రుచి చూసింది. కంప్యూటర్ల భద్రతకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఓ అప్‌డేట్‌లో లోపం దొర్లింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెరతో కూలబడ్డాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు, బ్యాంకులు ఇబ్బంది పడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు పట్టుకుని విమానం ఎక్కాల్సి వచ్చింది.

లోపమున్న అప్‌డేట్‌ను ఆ సంస్థ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. చేయాల్సిన చికిత్స కూడా చిన్నదే. పేరులో 291 అంకె ఉన్న ఒక ఫైలును తొలగిస్తే చాలు. మరి రోజుల తరబడి ఎందుకు పట్టింది? కూలిపోయిన విండోస్ నెట్‌వర్క్ దాకా రాలేదు. నెట్‌వర్క్ లేనిచోట దూరం నుంచి ఎవరూ ఏమీ చేయలేరు. మనుషులే పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ హడావుడిగా విండోస్ పీఈ మీద నడిచే రికవరీ పెన్‌డ్రైవ్ పరికరాన్ని విడుదల చేసింది. రీబూట్ చేసి చూసేవాళ్లు వైఫై కాకుండా కేబుల్ పెట్టుకోవాలని క్రౌడ్‌స్ట్రైక్ సూచించింది. కేబుల్ మీద నెట్ త్వరగా అందుకుంటుందని, కూలిపోయేలోపే సరైన ఫైలు దిగవచ్చని ఆశ!

పెన్‌డ్రైవ్‌లు దొరికాక మరో గోడ ఎదురైంది. డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కావాలి. కొన్నిచోట్ల ఆ కీలు దాచిన కంప్యూటర్లు కూడా కూలిపోయినవాటిలోనే ఉన్నాయి.

ఆ పాఠం నుంచి పుట్టిందే క్విక్ మెషీన్ రికవరీ అనే సదుపాయం. విండోస్ లేవలేకపోతే రికవరీ భాగమే నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయి మైక్రోసాఫ్ట్ నుంచి మందు తెచ్చుకునే ఏర్పాటిది. 2025లో విండోస్ 11లోకి వచ్చింది. లాన్ కేబుల్‌తో పాటు మామూలు పాస్‌వర్డ్ వైఫైని కూడా ఇది వాడుకోగలదు. మంచిదే. కానీ దీనికీ నెట్‌వర్క్ డ్రైవర్ పనిచేయాల్సిందే.

అదే ఏడాది అక్టోబర్ 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ మరో చిత్రం చూపించింది. దాని తర్వాత రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి. మామూలు విండోస్‌లో అవి దివ్యంగా పనిచేస్తున్నాయి. ఆపద వచ్చి రికవరీలోకి వెళితేనే చేతులు కట్టేసినట్టు! అక్టోబర్ 20న మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మరో అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దింది. రోజూ పనిచేసేది ఆపదలోనూ పనిచేస్తుందన్న నమ్మకం ఎంత పలుచనిదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆదివారం అరగంట చాలు

కాబట్టి చేయాల్సింది ఒక్కటే. కంప్యూటర్ ఆరోగ్యంగా ఉన్నరోజే ఓసారి రికవరీ రిహార్సల్ వేయాలి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వేకంటే ఓ ఆదివారం అరగంట కేటాయించడం ఎంతో తేలిక.

మొదట డ్రైవర్లను దాచుకోవాలి. విండోస్ 10, 11లలో ఇందుకు పీఎన్‌పీయుటిల్ అనే కమాండ్ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ తెరలో దీన్ని ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అన్న ఆప్షన్‌తో నడిపితే, విడిగా ఇన్‌స్టాల్ అయిన డ్రైవర్లన్నిటినీ ఐఎన్‌ఎఫ్ ఫైళ్లతో సహా ఓ ఫోల్డర్‌లోకి తీసి పెడుతుంది. ఆ ఫోల్డర్‌ను రికవరీ పెన్‌డ్రైవ్‌లోనే ఒక మూల ఉంచుకోవచ్చు. బ్యాకప్ ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసేవారి పని ఇంకా సులువు. ‘ఈ కంప్యూటర్ డ్రైవర్లు చేర్చాలా, నెట్‌వర్క్ సెట్టింగ్స్ చేర్చాలా’ అని కొన్ని అడుగుతాయి. ఆ రెండు గళ్లలోనూ టిక్ పెట్టాలి. అంతకన్నా లోతుగా వెళ్లగలిగినవారు డిజమ్ అనే కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోని బూట్ ఇమేజ్‌లోకే డ్రైవర్లను శాశ్వతంగా ఎక్కించవచ్చు. అప్పుడు ప్రతిసారీ లోడ్ చేసే పని ఉండదు.

తర్వాత డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్, స్టోరేజ్ భాగాల హార్డ్‌వేర్ ఐడీలు రాసుకోవాలి. అవి ఆ చిప్‌ల ఇంటిపేర్ల లాంటివి. 8086 అని ఉంటే ఇంటెల్, 10ఈసీ అని ఉంటే రియల్‌టెక్. ఆపద వేళ సరైన డ్రైవర్ వెతకడానికి ఇది పనికొస్తుంది.

బిట్‌లాకర్ కీ సంగతి అప్పుడే చూసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైనిన్ అయితే యజమానికి తెలియకుండానే డిస్క్‌కు తాళం వేసుకుంటున్నాయి. కీ ఆ అకౌంట్‌లో దాగి ఉంటుంది. దాన్ని కాగితం మీదికి ఎక్కించి భూమి పత్రాల పక్కన దాచాలి. ఇది లేకపోతే విండోస్ పెన్‌డ్రైవ్ అయినా, లినక్స్ పెన్‌డ్రైవ్ అయినా డిస్క్ బయట నిలబడి చూడాల్సిందే.

ఆ మీదట అసలు పరీక్ష. పెన్‌డ్రైవ్ పెట్టి, దానితోనే కంప్యూటర్‌ను లేపాలి. కీబోర్డు, మౌస్ పనిచేస్తున్నాయా? డిస్క్ కనిపిస్తోందా? ఇక్కడ సీ డ్రైవ్ కాస్తా డీ అనో ఈ అనో కనిపించవచ్చు. కంగారు పడక్కర్లేదు, లోపలి ఫోల్డర్లు చూసి గుర్తుపట్టాలి. ఐపీకాన్ఫిగ్ కొడితే 192.168 వస్తోందా? బ్యాకప్ ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటోందా? ఈ నాలుగింటికీ ‘అవును’ అని జవాబొస్తే, ఏమీ మార్చకుండా బయటికొచ్చి కంప్యూటర్‌ను మామూలుగా ఆన్ చేసుకోవచ్చు. రీస్టోర్, ఫార్మాట్ అన్న మాటలున్న బటన్ల జోలికి మాత్రం ఆ రోజు వెళ్లకూడదు.

ఇది ఒక్కసారితో తీరేది కాదు. కంప్యూటర్ మారినా, మదర్‌బోర్డు మారినా, రూటర్ మారినా మళ్లీ చూసుకోవాలి. ఏమీ మారకపోయినా ఏడాదికోసారి పెన్‌డ్రైవ్‌ను కొత్తగా తయారుచేసుకోవడం మంచిది. ఎందుకంటే పెన్‌డ్రైవ్‌కీ వయసు మీద పడుతుంది. భద్రతా లోపాలున్న పాత బూట్ ఫైళ్లను నిషేధించే పని మైక్రోసాఫ్ట్ 2023లో మొదలుపెట్టింది. ఆ నిషేధం అమలైన కంప్యూటర్‌లో, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, పాత పెన్‌డ్రైవ్ అసలు లేవదు. తయారుచేసే పెన్‌డ్రైవ్‌లో ముందున్న ఫైళ్లన్నీ చెరిగిపోతాయి గనుక పాటలూ ఫొటోలూ ఉన్నదాన్ని ఇందుకు వాడకూడదు.

పెద్ద వాహనాలు నడిపేవాళ్లకు ఓ అలవాటు ఉంటుంది. బయల్దేరే ముందు టైర్లన్నిటినీ ఓ చిన్న రాడ్‌తో కొట్టి చూస్తారు. ఆ చప్పుడును బట్టే గాలి ఉందో లేదో వాళ్లకు తెలిసిపోతుంది. స్టెప్నీని కూడా ఓ దెబ్బ కొట్టి గాని సీటెక్కరు.